రాత్రి డ్యూటీ చేసిన డాక్టరు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

సెలవు మీద ఊరికి వెళ్లి తిరిగొచ్చిన మనవాళ్ల పెట్టె విప్పితే ఏముంటాయో మనందరికీ తెలుసు. ఆవకాయ సీసా, కందిపొడి, పిల్లలు గీసిచ్చిన బొమ్మ, ఓ మూలన ప్లాస్టిక్ కవర్లో కట్టిన మందుబిళ్లలు. జ్వరానికి కొన్ని, కడుపుకి కొన్ని, ఏదైనా వస్తే పనికొస్తాయని ఊళ్లో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయోటిక్ ఒక షీటు. రూములో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ఆ కవరు బయటికొస్తుంది. ఒకరు రెండు వేసుకుంటారు, ఇంకొకరు మూడు. తగ్గగానే మిగతావి మళ్లీ కవర్లోకి.

ఆ కవర్లో డాక్సీసైక్లిన్ ఉంటే అది టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు. ఇంటి దగ్గర కడుపుతో ఉన్న ఆడవాళ్లకి ఐరన్ మాత్రతో కలిపి ఇచ్చేది ఫోలిక్ యాసిడ్. ఏడాదికోసారి ఊళ్లో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి మింగించే బోదకాలు మాత్ర ఇంకొకటి. కీళ్లవాతంతో బాధపడే అమ్మకి డాక్టరు వారానికోసారి రాసే మెథోట్రెక్సేట్ మరొకటి. ఈ నాలుగింటి వెనకా ఒకే మనిషి చెయ్యి ఉంది. ఆయన మన భీమవరంలో పుట్టినవాడు. మనలాగే పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటినవాడు. పరాయి దేశంలో మొదట దొరికిన పని ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తడం. ఈ ఏటి సంచికలో ఆయన జీవితం చెప్పుకుందాం. చివర్లో మళ్లీ మన పెట్టెలోని ఆ కవరు దగ్గరికే వద్దాం.

అరటిపళ్లు అమ్మాలనుకున్న కుర్రాడు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, ఆరోగ్యం బాగాలేక ముందే ఉద్యోగం మానుకున్నారు. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో సుబ్బారావు నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకటే. చదువు మీద ఆ కుర్రాడికి అంత ధ్యాస ఉండేది కాదు. పదమూడేళ్ల వయసులో ఇల్లొదిలి పారిపోయాడు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని ఆలోచన. తల్లి ఊరుకోలేదు, వెతికించి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది.

రాజమండ్రిలో చదివినా మెట్రిక్ పరీక్ష గట్టెక్కలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో పాసయ్యారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో సన్యాసం పుచ్చుకుందామని రామకృష్ణ మిషన్ వైపు మొగ్గారు. తల్లి ససేమిరా అంది. వైద్యం చదువుకుంటే జనానికి సేవ చేసినట్టే గదా అని మిషన్ పెద్దలు కూడా సర్దిచెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చులో పిల్లనిచ్చిన మామగారి సాయం ఉంది. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది.

కాలేజీలో ఉండగా విదేశీ బట్ట వదిలెయ్యమని గాంధీగారు పిలుపిచ్చారు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ చెప్పే తెల్ల ప్రొఫెసరుకి అది కంటగింపు అయింది. పరీక్షల్లో రాతకోతలన్నీ బాగానే చేసినా ఆయన చేతికి వచ్చింది పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, దానికన్నా తక్కువగా చూసే ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. ఆ కాగితంతో మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఊళ్లో ఉన్న చదువుకి ఇక్కడ విలువ కట్టరని బాధపడే మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఆయనకు సొంత ఊళ్లోనే ఆ దెబ్బ తగిలింది.

ఇంటిని మింగిన జబ్బు

దానికన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బు ఉంది. తిన్నది ఒంటికి పట్టదు. ఆగని విరేచనాలు, నోటిపూత, రక్తం తగ్గిపోయి మనిషి ఎముకల గూడైపోతాడు. సుబ్బారావు అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఇద్దరూ రోజుల తేడాలో ఆ జబ్బుతోనే పోయారు. డాక్టరు చదువు చదివి, ఇంట్లో ఇద్దరు పోతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చింది. తర్వాత అదే జబ్బు ఆయనకీ వచ్చింది. ఇంగ్లీషు వైద్యం పనిచెయ్యలేదు. అప్పుడు మద్రాసులో పేరున్న ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో తేరుకున్నారు.

కోలుకున్నాక ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పంతులుగా చేరారు. ఆకులు, వేళ్లు, బెరళ్లు, పళ్ల తొక్కలు, వాటితో కాచే కషాయాలు, లేహ్యాలు చుట్టూ ఉండే చోటు అది. తను బతికింది ఆ వైద్యంతోనే కాబట్టి ఆయనకి దాని మీద గౌరవం ఉంది. కానీ గౌరవం ఉన్నంత మాత్రాన ప్రశ్న ఆగలేదు. ఆ కషాయంలో పనిచేసింది ఏ పదార్థం? ఎంత మోతాదులో? అందరికీ పనిచేస్తుందా, ఒకరికేనా? ఈ సంగతి తేల్చాలంటే ఆ మందుని విడగొట్టి, ఒక్కో భాగాన్నీ పరీక్షపెట్టి చూడాలి. అప్పటి మద్రాసులో ఆ వసతి ఆయనకి లేదు. ఆ ప్రశ్నే ఆయన్ని ఓడ ఎక్కించింది.

రంగూన్ డబ్బుతో అమెరికాకి

అమెరికా వెళ్లడానికి డబ్బు ఎక్కడిది? కొంత మామగారు ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది. ఈ నాయకర్ గారి సంగతి మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆయన పేద ఇంట్లో పుట్టి, బతుకుతెరువు కోసం బర్మా వెళ్లి, రంగూన్‌లో సంపాదించి, ఆ ఆస్తిని పిల్లల చదువులకీ ధర్మానికీ రాసిచ్చిన మనిషి. ఒక తరం వలస కార్మికుడి చెమట ఇంకో తరం కుర్రాణ్ణి సముద్రం దాటించింది. మనం నెలనెలా ఇంటికి పంపే డబ్బు ఎంత దూరం పోతుందో ఎవరు చెప్పగలరు?

1922 అక్టోబర్ 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల వైద్యం చెప్పే స్కూల్లో సీటు దొరికింది గానీ స్కాలర్‌షిప్పు దొరకలేదు. జేబులో డబ్బు కొద్దిరోజులకే ఆవిరైంది. ఎల్.ఎం.ఎస్. కాగితం చూసి డాక్టరుగా పని ఇచ్చేవాళ్లు లేరు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా చేరారు. మంచాన ఉన్న రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి, కడిగి పెట్టడం ఆ పని. పగలు క్లాసు, రాత్రి డ్యూటీ. బ్రాహ్మల ఇంట పుట్టి, డాక్టరు చదువు చదివినవాడు ఆ పని చేశాడంటే ఊళ్లో ఎవరూ నమ్మని రోజులవి. ఆయన దాన్ని అవమానంగా తీసుకుని వెనక్కి తిరగలేదు. డిప్లొమా పూర్తి చేసి హార్వర్డ్ మెడికల్ స్కూలు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు.

హార్వర్డ్‌లో పని, పక్కవాడికి పేరు

అక్కడ మొదట చేసింది కొలత పని. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగు చూసి తేల్చే పద్ధతి ఒకటి ఫిస్కే, ఆయనా కలిసి కనిపెట్టారు. 1925లో అచ్చయింది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని జీవరసాయనం చదివే పిల్లలు ఇప్పటికీ నేర్చుకుంటారు. ఆ కొలత చేతికొచ్చాక కండరంలో ఏముందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. మనం ఇటుక ఎత్తినా, పార పట్టినా, గుండె కొట్టుకున్నా ఒంట్లో ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనిపెట్టారు. సుబ్బారావుకి 1930లో పీహెచ్.డీ. వచ్చింది.

పేరు మాత్రం రావాల్సినంత రాలేదు. అక్కడ చేసిన పనిలో కొంత అచ్చుకే నోచుకోలేదు. ఫిస్కే అడ్డుపడడం వల్ల సుబ్బారావు పని వెలుగు చూడక, దానిలో కొంత ఇంకొకరు మళ్లీ కొత్తగా కనిపెట్టాల్సి వచ్చిందని, తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పుకొచ్చారు. అన్నేళ్లు పనిచేసినా హార్వర్డ్ ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. గొడవపడి సాధించుకునే స్వభావం ఆయనది కాదు.

కాగితాల సంగతీ అంతే. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సైనికుడి కేసులో, భారతీయులు అమెరికా పౌరులు కావడానికి పనికిరారని అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. సుబ్బారావు దిగి ఏడాది కూడా కాలేదు అప్పటికి. ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నది 1946లో. అప్పటికి అవకాశం వచ్చినా ఆయన పౌరసత్వం తీసుకోలేదు. ఆ దేశంలో పాతికేళ్లు పనిచేసి, పరాయివాడిగానే ఉండిపోయారు.

అటు ఊళ్లో శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆయన అమెరికాలో ఉండగా పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనే లేదు. రెండు మూడేళ్లలో వస్తానని వెళ్లిన మనిషి ఇరవై ఆరేళ్లయినా రాలేదు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఆమె సంగతి దాటేసి పోవడం మాకు న్యాయం అనిపించలేదు. మనలో ఎంతమంది ఇళ్లలో అలాంటి శేషగిరులు ఉన్నారో మనకే తెలుసు. ఆయన చేసిన పనికి ఆవిడ కట్టిన వెల ఏ పుస్తకంలోనూ లెక్కకి రాదు.

అన్నదమ్ముల జబ్బుకి మందు

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. 1942 చివరికల్లా అక్కడ పరిశోధన మొత్తానికీ డైరెక్టరు అయ్యారు. అప్పుడు ఆయన చేతికి మనుషులూ, డబ్బూ, సామానూ వచ్చాయి.

స్ప్రూ లాంటి రక్తహీనత జబ్బుల్లో లివరు సారం ఇస్తే కొందరికి తగ్గుతుందని అప్పటికే డాక్టర్లకి తెలుసు. ఆ సారంలో పనిచేసేది ఏమిటో తెలియదు. మద్రాసులో కషాయం ముందు కూర్చుని వేసుకున్న ప్రశ్నే ఇది. సారాన్ని విడగొట్టడం, ఒక్కో ముక్కనీ పరీక్షించడం, పనిచెయ్యనిది పక్కన పెట్టడం, పనిచేసినదాన్ని మళ్లీ విడగొట్టడం, ఇలా ఏళ్ల తరబడి సాగింది. చివరికి ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని శుద్ధిగా వేరుచేసి, దాని నిర్మాణం తేల్చి, 1945లో ఫ్యాక్టరీలో తయారుచేసే దారి కనిపెట్టింది. స్ప్రూతో మంచం పట్టినవాళ్లు ఆ మందుతో లేచారు. అన్నకీ తమ్ముడికీ అందని మందు పాతికేళ్ల తర్వాత ఆయన చేతుల మీదుగానే లోకానికి అందింది.

ఆ ఫోలిక్ యాసిడ్‌ని కొద్దిగా మార్చి దానికి ఎదురు పనిచేసే మందులు కూడా చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అందులో ఒకదాన్ని రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకి ఇచ్చి చూశారు. కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. మందుతో ఆ జబ్బు లొంగడం అదే మొదలు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. బోదకాలు పురుగు మీద పనిచేసే హెట్రజాన్ 1947లో వచ్చింది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి బోదకాలు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

గుప్పెడు మట్టి, ఒక గాజు పళ్లెం

ఇప్పుడు సూక్ష్మజీవుల సంగతి. 1940ల్లో పెన్సిలిన్ వచ్చి లోకాన్ని ఆశ్చర్యపరిచింది. కానీ అది కొన్ని రకాల బాక్టీరియా మీదే పనిచేసేది. టైఫస్ జ్వరం లాంటి వాటిని తాకేది కాదు. పైగా కొన్ని ఆసుపత్రుల్లో పెన్సిలిన్‌కి లొంగని స్టెఫైలోకాకస్ అప్పటికే తలెత్తింది. క్షయకి వచ్చిన స్ట్రెప్టోమైసిన్‌కి కూడా క్రిములు త్వరగా అలవాటుపడుతున్నాయి, అది సూదిమందు కూడా. నోటితో మింగగలిగి, రెండు మందులకీ లొంగని క్రిముల మీద పనిచేసే మూడోది కావాలి.

ఆ పనికి సుబ్బారావు సంస్థలో ఉన్నది డెబ్బై దాటిన పెద్దాయన. పేరు బెంజమిన్ డుగ్గర్, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. ఇంట్లో కూర్చోవాల్సిన వయసులో 1944లో కొత్త ఉద్యోగంలో చేరాడు. తెలిసినవాళ్లందరికీ ఉత్తరాలు రాసి నలుమూలల నుంచీ మట్టి తెప్పించాడు. పొలం మట్టి, గడ్డిమైదానం మట్టి, ఏదైనా సరే. మట్టిలో ఒక చెంచాకి కోట్ల సూక్ష్మజీవులుంటాయి. అవి ఒకదాన్నొకటి చంపుకోవడానికి తమలోనే మందులు తయారుచేసుకుంటాయి. ఆ మందుల్ని పట్టుకోవడమే ఆలోచన.

పరీక్ష ఎలా చేస్తారో చెప్పుకోవాలి. మూత ఉన్న చిన్న గాజు పళ్లెంలో సముద్రపు నాచు నుంచి తీసిన జెల్లీ పోస్తారు. అది గట్టిపడ్డాక దాని మీద జబ్బు చేసే బాక్టీరియాని పలచగా పరుస్తారు. మధ్యలో పరీక్షించాల్సిన సారం తడిపిన కాగితం బిళ్ల పెడతారు. ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారు. తెల్లారి చూస్తే పళ్లెం అంతా బాక్టీరియా మసకగా పెరిగి ఉంటుంది. బిళ్ల చుట్టూ మాత్రం ఏమీ పెరగకుండా తేటగా ఓ వలయం కనిపిస్తే ఆ సారంలో ఏదో ఉన్నట్టు. ఆ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. తర్వాత సారాన్ని నీళ్లతో పలచన చేసుకుంటూ పోయి, ఎంత తక్కువ మోతాదు వరకు పనిచేస్తుందో చూస్తారు. అదీ నెగ్గితే ఎలుకలకి ఇచ్చి, జబ్బు తగ్గిందా, మందే ప్రాణం తీసిందా అని చూస్తారు. ఆ తర్వాతే మనుషులు. వేల నమూనాల్లో ఎక్కువ భాగం మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. చాలా మందులు క్రిమినీ చంపుతాయి, ఎలుకనీ చంపుతాయి.

1945లో మిస్సోరి విశ్వవిద్యాలయం పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. ఏళ్లకేళ్లు తిమోతి గడ్డి పెంచిన మడి అది. ఆ నమూనాకి ఏ-377 అని నంబరు పెట్టారు. అన్ని మెట్లూ అదే ఎక్కింది. బంగారు రంగు కాబట్టి ఆ మందుకి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. మనుషుల మీద మొదట వాడి చూసిన డాక్టరు లూయీ రైట్, న్యూయార్క్ హార్లెం ఆసుపత్రిలో పనిచేసిన నల్లజాతి సర్జన్. పెన్సిలిన్‌కి లొంగని జబ్బులు కొన్ని దీనికి లొంగాయి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే పెద్దకొడుకు. 1948 జూలైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల సభలో దీన్ని లోకానికి ప్రకటించారు. ఆ రోజు ముందుకొచ్చిన పేరు డుగ్గర్‌ది. పరిశోధన నడిపించిన డైరెక్టరు సుబ్బారావు ఎప్పటిలాగే వెనక ఉండిపోయారు.

మూడు వారాలు కూడా గడవకముందే, 1948 ఆగస్టు రెండో వారంలో ఆయన నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు యాభై మూడు. మనదేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది నిండబోతోంది. ఆయన ఆ స్వతంత్ర దేశంలో అడుగు పెట్టలేదు. ఆయన పేరు మీద శాస్త్రవేత్తలు ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతికి, 1995లో, భారత తపాలా శాఖ స్టాంపు వేసింది. దానికి ముందు ఏడాది, 1994లో, సూరత్‌లో ప్లేగు భయం పుట్టి జనం రైళ్లెక్కి పారిపోయినప్పుడు జనానికి పంచిన మాత్రలు టెట్రాసైక్లిన్. అక్కడ మరమగ్గాల మీద పనిచేసే మన తెలంగాణ నేతకార్మికుల్లో ఆ మాత్రలు మింగినవాళ్లకి అందులో ఒక తెలుగువాడి శ్రమ ఉందని ఎవరు చెప్పి ఉంటారు?

బంగారు మందు తుప్పు పట్టిన కథ

ఆయన పోయాక జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే. ఆరియోమైసిన్ తీశాక మిగిలిన పిప్పిని కోళ్లకి పెడితే అవి తొందరగా బరువెక్కుతున్నాయని ఆ కంపెనీలోనే తేలింది. దాంతో జబ్బు లేని కోళ్లకీ పందులకీ కూడా టన్నులకొద్దీ యాంటీబయోటిక్ దాణాలో కలపడం మొదలైంది. మనుషులు కూడా జలుబుకీ దగ్గుకీ మింగారు. 1950ల మధ్యలోనే జపాన్‌లో రక్తవిరేచనాల బాక్టీరియా ఒకటి టెట్రాసైక్లిన్‌తో సహా నాలుగు మందులకి ఒకేసారి లొంగకుండా తయారైంది.

బాక్టీరియా అదెలా చేస్తుంది? గోతిలో నీళ్లు నిండుతుంటే మోటారు పెట్టి తోడేస్తాం గదా, అలాగే అది తన ఒంట్లో ఓ పంపు కట్టుకుంటుంది. మందు లోపలికి వచ్చింది వచ్చినట్టు బయటికి తోడేస్తుంది. ఆ పంపు కట్టే విద్యని పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకి కూడా అందిస్తుంది. మనం అక్కర్లేకుండా మందు వేసుకున్న ప్రతిసారీ బలహీనమైన క్రిములు చచ్చి, పంపు ఉన్నవి మిగిలి, వాటి సంతానమే పెరుగుతుంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ తీసుకుంటూనే చాలీచాలని మోతాదు వాడితే ఈ ప్రమాదం వస్తుందని హెచ్చరించారు. ఎవరూ చెవిన పెట్టలేదు. 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బాక్టీరియా నేరుగా ప్రపంచంలో దాదాపు 12 లక్షల 70 వేల మందిని బలితీసుకుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

అందుకే మళ్లీ వెతుకులాట మొదలైంది. ఈసారి మట్టితో పాటు చెట్ల వైపు కూడా చూస్తున్నారు. దానిమ్మ తొక్క, జామాకు, నేరేడు గింజ, నారింజ తొక్క, ఇలాంటివి ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి, వడగట్టి తీసిన సారాన్ని మందులకి లొంగని స్టెఫైలోకాకస్ లాంటి వాటి మీద అదే గాజు పళ్లెంలో, అదే కాగితం బిళ్లతో పరీక్షిస్తున్నారు. మన దేశంలో కూడా కాలేజీల్లో పిల్లలు ఈ పని చేస్తున్నారు. చాలాసార్లు బిళ్ల చుట్టూ తేట వలయం కనిపిస్తుంది కూడా. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో సుబ్బారావు వేసుకున్న ప్రశ్న ఇదే గదా.

కానీ ఆయన జీవితం నేర్పే జాగ్రత్త కూడా ఇక్కడే ఉంది. పళ్లెంలో వలయం కనబడితే అది మొదటి మెట్టు మాత్రమే. పళ్లెంలో పనిచేసిన సారం రక్తంలో అంత మోతాదుకి చేరుతుందా, లివరుకీ కిడ్నీకీ హాని చేస్తుందా, ఒక చెట్టు తొక్కకీ ఇంకో చెట్టు తొక్కకీ తేడా ఎంత, అందులో పనిచేసేది ఏ పదార్థం, ఇవన్నీ తేలాలి. పెద్దల మందు అని కొట్టిపారెయ్యనూ కూడదు, పెద్దల మందు అని కళ్లు మూసుకుని నమ్మనూ కూడదు. పరీక్షపెట్టి చూడాలి. కడుపు బాగాలేనప్పుడు అమ్మ ఇచ్చిన దానిమ్మ తొక్క కషాయం తాగిన తరం మనది. కానీ జ్వరం మూడు రోజులు దిగకపోయినా, విరేచనంలో రక్తం పడినా, పుండు చీము పట్టి ఎర్రగా పాకుతున్నా, ఫోన్లో ఎవరో పంపిన చిట్కాతో సరిపెట్టుకోవద్దు. ఆసుపత్రికి పోవాలి.

మళ్లీ ఆ కవరు దగ్గరికి

ఇప్పుడు మన పెట్టెలోని కవరు సంగతి. మేము చెప్పేది నాలుగు మాటలే.

జలుబు, మామూలు దగ్గు, ఫ్లూ జ్వరం ఇవి వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద యాంటీబయోటిక్ పనిచెయ్యదు. డాక్టరు రాయకుండా వేసుకోవద్దు. రాస్తే చెప్పినన్ని రోజులు, చెప్పిన వేళకి వేసుకోవాలి. మధ్యలో మానాలనిపిస్తే ఆ డాక్టర్నే అడగాలి. మిగిలినవి రూమ్మేటుకి పంచిపెట్టడం సాయం కాదు, ఆయన జబ్బు వేరు, ఆయన మందు వేరు.

డాక్సీసైక్లిన్ వేసుకునే రోజుల్లో ఎండ చర్మాన్ని తొందరగా కాలుస్తుంది. బయట సైటులో పనిచేసేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. టెట్రాసైక్లిన్ పాలతో వేసుకుంటే సరిగా పట్టదు. కడుపుతో ఉన్నవాళ్లకీ చిన్నపిల్లలకీ ఈ మందులు సొంతంగా అసలు ఇవ్వకూడదు, ఎదిగే పళ్లకి రంగు పట్టేస్తుంది.

గడువు దాటిన మాత్రలు దాచుకోవద్దు. పాడైన టెట్రాసైక్లిన్ మింగి కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల గురించి 1960ల్లోనే వైద్య పత్రికలు రాశాయి. ఏసీ ఆగిపోతే కొలిమిలా మారే మన రూముల్లో మందు ఇంకా తొందరగా పాడవుతుంది.

చాలా గల్ఫ్ దేశాల్లో డాక్టరు చీటీ లేకుండా యాంటీబయోటిక్ అమ్మకూడదని నిబంధన ఉంది. అది మనల్ని సతాయించడానికి పెట్టింది కాదు. ఇన్సూరెన్స్ కార్డు ఉండి కూడా, ఒకరోజు జీతం పోతుందని ఆసుపత్రికి వెళ్లని మనవాళ్ల బాధ మాకు తెలుసు. అలాంటప్పుడు ఒంటరిగా కవరు విప్పకుండా మన వేదిక వాలంటీర్లతో మాట్లాడండి. సెలవు అడగడానికీ, ఆసుపత్రికి తోడు రావడానికీ మనుషులం ఉన్నాం.

సుబ్బారావు గారు రాత్రి డ్యూటీలో మోసిన పాత్రలు రోగులవి. ఆ రోగులు ఎవరో ఆయనకి తెలియదు. ఆయన కనిపెట్టించిన మందు మింగే మనమూ ఆయనకి తెలియదు. ఆయన బతికుండగా మన రాష్ట్రాల్లో ఆయన పేరు తెలిసినవాళ్లు కొద్దిమందే. విగ్రహం పెట్టకపోయినా పర్వాలేదు. ఒక మట్టి గుప్పెట్లోంచి అన్నేళ్ల శ్రమతో తీసిన మందుని మన చేతుల్తో మనమే మొద్దుబార్చకుండా ఉంటే చాలు. రేపు మన పిల్లలకి నిజంగా జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచెయ్యాలి గదా.